ముట్టుకోకూడని దుకాణం

పాత భవనాన్ని బాగుచేయించడమంత పాపం ఇంకోటి లేదు! నమ్మనివాళ్లు ఒకసారి మా నారాయణఖేడ్ వచ్చి, బస్టాండు దగ్గర ఆజం అండ్ సన్స్ జనరల్ స్టోర్స్ ముందు నిలబడండి. మరీ దగ్గరగా వద్దు. పైనుంచి సున్నం పెచ్చులు రాలుతుంటాయి.

అవి మామూలు పెచ్చులు కావు, హెరిటేజ్ పెచ్చులు! మూడేళ్ల కిందట ఈ భవనానికి వారసత్వ హోదా వచ్చింది. అప్పటినుంచి నెత్తిన పడ్డా గర్వంగానే ఉంటోంది.

హైదరాబాదులో మాల్స్ రాకముందే మాకు మాల్ ఉండేది, తెలుసా? ఆజం సాబ్ కట్టించిన రెండంతస్తుల దుకాణం. కింద బట్టలు, చెప్పులు, స్టీలు సామాను. పైన ట్రంకు పెట్టెలు, కుట్టుమిషన్లు, పెళ్లికొడుకుల షేర్వాణీలు. ముందు మూడు కమానులు, లోపల చెక్క మెట్లు. ఎస్కలేటర్ లేదు గానీ మెట్లు వాటంతటవే కదిలేవి. ఇప్పుడు ఇంకా బాగా కదులుతున్నాయి.

హోదా ఉన్నచోట అనుమతి లేకుండా ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు. ఎంత చక్కటి రూలు! దుకాణం నడుపుతున్న ఆజం సాబ్ కోడలు సాలెహా బేగం, కప్పు కురుస్తోందని అర్జీ పెట్టి రెండు వానాకాలాలయింది. ఆగలేక నీలం టార్పాలిన్ కప్పింది. భవనం కట్టిన కాలంలో నీలం టార్పాలిన్లు లేవంటూ హెరిటేజ్ కమిటీవాళ్లు తీయించారు. చరిత్ర అంటే అంత పట్టింపు ఉండాలి!

కిందటి నెల ముగ్గురు సభ్యులు స్వయంగా వచ్చారు. బట్టల తానుల మీద పడుతున్న ధారను చూసి, నీరు సహజ మార్గంలోనే ప్రవహిస్తోందని రాసుకున్నారు. తర్వాత వాళ్ల చూపు గల్లా వెనకాల గోడ మీద పడింది.

ఆ గోడ నిండా మేకులు. మేకుకో తాళంచెవి. సిర్గాపూర్, కంగ్టి వైపు నుంచి కూలికి హైదరాబాద్ వెళ్లేవాళ్లు బస్సెక్కే ముందు ఇంటి తాళంచెవి ఇక్కడ ఇచ్చిపోతారు. దానికి సాలెహా బేగం ఓ గుడ్డపీలిక కడుతుంది. సిర్గాపూర్‌కు పసుపు, కంగ్టికి ఆకుపచ్చ. రసీదు లేదు, సంతకం లేదు. ఆజం సాబ్ రోజుల నుంచీ ఇంతే.

మేకులవల్ల పురాతన గోడకు నష్టమని కమిటీ తేల్చింది. వారంలో పీకేయమంది. ‘గోడకు మేకులు కొట్టరాదు’ అని ఓ బోర్డు కూడా పెట్టించింది. బోర్డును నాలుగు పొడుగాటి మేకులతో అదే గోడకు బిగించారు. అవి ప్రభుత్వ మేకులు కాబట్టి గోడకు నొప్పి ఉండదు.

సాలెహా బేగం తాళంచెవులన్నీ మూటగట్టి నేరుగా మా ఇంటికొచ్చింది.

"హోదా తెచ్చింది మీరే గద సార్. గీ చెవులు గూడ మీ ఇంట్లనే పెట్టుకోన్రి."

అవును, దాచడమెందుకు? హోదా కోసం పెట్టిన అర్జీలో మొదటి సంతకం నాదే. మూట తీసుకున్నాను. పదవి వచ్చినట్టే అనిపించింది.

మర్నాడే హైదరాబాద్ బస్సు దిగిన సిర్గాపూర్ సంగమ్మ, దుకాణంలో అడిగి, సంచి నెత్తిన పెట్టుకుని మా గేటు ముందు నిలబడింది.

"సార్, నా చెవి జల్దీ ఇయ్యి. మా అత్తకు పానం బాగలేదు, బస్టాండ్ల ఎండకు కూసుంది."

మూట విప్పాను. పసుపు పీలికలే పంతొమ్మిది ఉన్నాయి.

"నీదేదమ్మా?"

"నాకేం ఎరుక? నేనెన్నడు ఎతికిన? దుకాణంల ఆమెనే తీసిస్తది."

మూట పట్టుకుని ఆమె వెనకే దుకాణానికి నడిచాను. సాలెహా బేగం తడిసిన తానులు పిండుతోంది. తడి చెయ్యి తుడుచుకుని మూటలో పెట్టింది, ఒకటి తీసింది.

"గిదే. పోయినేడు తాళం మార్చినవ్ గద సంగమ్మా. అత్తను దవాఖానకు తోల్కపో ముందుగాల."

నా అర్జీలో ‘భవనం ప్రాముఖ్యత’ అన్నచోట కమానుల గురించి పేజీన్నర రాశాను. ఈ గోడ గురించి ఒక్క ముక్క రాయలేదు. నిజంగా సిగ్గేసింది.

అందుకే ఇప్పుడు రెండో అర్జీ రాస్తున్నాను. అయ్యా, హోదా మీరే ఉంచుకోండి, కప్పు మాత్రం ఆమెను వేసుకోనివ్వండి, మేకులు మళ్లీ కొట్టుకోనివ్వండి అని. ఈసారి జతచేసిన ఫొటోలో కమానులు లేవు. పీకేయకముందు తీసిన గోడ ఉంది.

అందులో ఎడమవైపు మూడో మేకుకు వేలాడుతున్నది, ఎప్పుడో నేనే ఇచ్చి ఉంచిన మా ఇంటి రెండో తాళంచెవి.