గురవయ్య గారి నిరాయుధీకరణ

"ప్రపంచశాంతి మొదలు కావలసింది ఐక్యరాజ్యసమితిలో కాదు, ఈ సీబ్‌లో మన పిల్లల బొమ్మల పెట్టెల్లో!" అని గురవయ్య గారు శుక్రవారం ప్రార్థన చివర ప్రకటించారు.

ప్రకటించే అర్హత ఆయనకుంది. క్లినిక్‌లో మందుల స్టోరు ఆయన చేతిలో ఉంది. సీబ్ తెలుగు ప్రార్థన సహవాసానికి ఆయనే పెద్ద. తామంతా ఉద్యోగాలకొచ్చిన ఆ అరబ్బు దేశంలో దక్షిణాన యుద్ధం ముగిసి ఏడాది దాటినా, సీబ్‌లో దాన్ని ముగించే బాధ్యత ఎవరూ తీసుకోలేదని ఆయన బెంగ. తీర్మానం వెంటనే నెగ్గింది. ఆయుధం ఆకారంలో ఉన్న ప్రతి వస్తువునూ ఒక కమిటీ ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి, వచ్చే శుక్రవారం అందరి ఎదుటా దహనం చెయ్యాలి.

వారమంతా కమిటీకి ఊపిరి సలపలేదు. నర్సు మేరీకుమారి ఇంట్లో ప్లాస్టిక్ పిస్తోలు దొరికింది. సారా గారింట్లో చెక్క కత్తి దొరికింది. ఇంకొకరింట్లో దోమల మందు కొట్టే పంపును, దాని వాలకం బాగాలేదని పట్టుకొచ్చారు. పిల్లలు గుక్కపెట్టి ఏడ్చారు. శాంతి కావాలంటే ఆ మాత్రం ఏడుపు తప్పదని గురవయ్య గారు తల్లులకు నచ్చజెప్పారు.

అయితే ఆయనకు ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఆయన మంచం కింద, సెలైన్ సీసాల అట్టపెట్టెలో, ఒక సైన్యం ఉంది.

నెలల తరబడి డ్యూటీ దిగాక తలుపు గడియ పెట్టుకుని, మందుల పెట్టెల అట్టను సర్జికల్ బ్లేడుతో కోసి, గమ్ముతో అంటించి చేసిన మిలిటరీ బండ్లవి. ఫిరంగి గొట్టం, దాన్ని మోసే పై టోపీ, తలుపు పిడి, వెనక వేలాడే నీళ్ల డబ్బా, అన్నీ అట్టే. రోడ్డు మీద మిలిటరీ బండి వెళ్తుంటే గురవయ్య గారు తల దించుకుని ప్రార్థిస్తున్నారని సహవాసం అనుకునేది. ఆయన చక్రాల బోల్టులు చూసేవారు. పిల్లలు లేని మనిషి, ఆ బండ్లను బిడ్డల్లాగే ప్రేమించారు. ఈ సంగతి తెలిసినవాడు పక్క రూమ్‌లో ఉండే హైదరాబాదు డ్రైవరు ఖమరుద్దీన్ ఒక్కడే.

దహనం రోజు సాయంత్రం కమిటీలో స్టాఫ్ నర్సు మణికుమారి లేచింది.

"అందరిళ్లూ చూశామండి. మీ రూమొకటే మిగిలిపోయింది, బ్రదర్ గారూ."

"నా రూమా? ఒంటిగాణ్ణి, నా దగ్గర బొమ్మలేముంటాయమ్మా?"

"ఉండవనుకోండి. చూసేశామంటే రేపెవరూ వేలెత్తి చూపకుండా ఉంటారని."

కమిటీ ఆయన వెంటే రూమ్‌కి నడిచింది. మంచం కింది నుంచి పెట్టె బయటికొచ్చింది. మూత తీసి కమిటీ నోరు తెరిచింది.

"ఇవి నేను స్వాధీనం చేసుకున్నవి," అన్నారు గురవయ్య గారు గంభీరంగా. "ఖమరుద్దీన్ దగ్గర. మన సహవాసం కాకపోతేనేం, శాంతికి మతముందా?"

ఖమరుద్దీన్‌ను పిలిచారు. అతను పెట్టెలోకి చూశాడు. తర్వాత చెమటలు కక్కుతున్న పెద్దాయన మొహంలోకి చూశాడు.

"హౌ, నావే. నేనే జేసిన," అన్నాడు తాపీగా.

పరువు దక్కింది. ఇక పోయేది ప్రాణమే. క్లినిక్ వెనక ఇసుకలో మంట వేశారు. పిస్తోలు, కత్తి, పంపు ముందుగా వెళ్లాయి. తర్వాత మణికుమారి పెట్టెలోంచి మొదటి బండిని ఎత్తింది. గురవయ్య గారు గుండె రాయి చేసుకుని ఆకాశం వైపు చూశారు.

"ఏయుండ్రి మేడమ్," అన్నాడు ఖమరుద్దీన్. "మంచిగ కుదర్లే అది. పైన టోపీ జర వంకర వచ్చింది."

"వంకరా?" గురవయ్య గారు గిర్రున తిరిగారు. "వంకరెక్కడుందయ్యా? కళ్లు కనపడతన్నాయా నీకు? ఆ టోపీ కోసం వేలు తెగ్గోసుకున్నాను నేను. నాలుగుసార్లు పీకి మళ్లీ అంటించాను!"

మంట చిటపటలాడింది. పిస్తోలు పోగొట్టుకున్న ఇంటి తల్లి మేరీకుమారి ఆయన వైపే రెప్ప వేయకుండా చూస్తోంది. మణికుమారి ఆ బండిని రెండు చేతులా పట్టుకుని ఆయనకు అందించింది.

"అయితే మీ చేత్తోనే వెయ్యండి, బ్రదర్ గారూ."

గురవయ్య గారు బండిని చూశారు, మంటను చూశారు, సహవాసాన్ని చూశారు. గొంతు సవరించుకున్నారు.

"ఇంత పెద్ద త్యాగం ప్రార్థన లేకుండా కూడదు. సిస్టర్ మణికుమారి ప్రార్థన చేస్తారు. అందరూ కళ్లు మూసుకోండి."

ప్రార్థనంటే కాదనేవాళ్లు ఆ సహవాసంలో లేరు. అందరూ కళ్లు మూసుకున్నారు. మణికుమారి ప్రార్థన మొదలుపెడితే సామాన్యంగా ఆపదు. ఆ రోజు రాజులనూ, సైన్యాధిపతులనూ, వేషధారులనూ పేరుపేరునా దేవుడికి అప్పగించి ఆమెన్ అంది.

కళ్లు తెరిచేసరికి మంట మండుతూనే ఉంది. పిల్లల బొమ్మలు బూడిదయ్యాయి. సెలైన్ పెట్టె లేదు. గురవయ్య గారూ లేరు.

కళ్లు మూసుకోని మనిషి అక్కడ ఒక్కడే. అందరూ ఖమరుద్దీన్ వైపు తిరిగారు.

"స్టోర్ సాబ్ పెట్టె తీస్కొని అటు ఉరికిండు," అన్నాడతను. "నడుమల ఒకటి కింద పడితే, మళ్లొచ్చి తీస్కపోయిండు."