అరవై నీలం చీటీలు

శుక్రవారానికి జాన్ పాల్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున్నే బెజవాడలో బండెక్కడం, ఏడున్నరకల్లా పామర్రు దగ్గర కంపెనీ రొయ్యల చెరువుల మీద ఉండటం, పదకొండింటికి ప్రొఫెసర్ శ్రీదుర్గగారి చేత ఒప్పందం మీద సంతకం పెట్టించుకోవడం, సాయంత్రానికి పర్మనెంటు ఉద్యోగిగా ఇల్లు చేరడం. ఇంత చిన్న పథకాన్ని చెడగొట్టాలంటే ఎవరైనా బాగా కష్టపడాలి. కష్టపడేవాళ్ళకి మాణిక్యాంబ రొయ్యల మేత కంపెనీలో ఏనాడూ కొదవలేదు.

జాన్ పాల్ జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఆరేళ్ళుగా ఊరూరా తిరిగి మేత బస్తాలు అమ్ముతున్నాడు. శ్రీదుర్గగారు విశాఖలో న్యూరోబయాలజీ చెప్తారు. రొయ్యకి ఆకలి ఎప్పుడు వేస్తుందో, ఎప్పుడు తీరుతుందో దాని నరాల్లో వెతకడం ఆవిడ పని. అది తేలితే చెరువులో మేత వృథా పోదు. ఏడాదిపాటు ఉత్తరాలు రాసి రాసి, కంపెనీతో కలిసి పనిచేయడానికి ఆవిడని ఒప్పించాడు. ఛైర్మన్ రామకోటేశ్వరరావుగారు కూడా ఒప్పుకున్నారు. "ఆవిడ సంతకం పడితే నువ్వు పరిశోధన ఆఫీసరువి, పర్మనెంటు. పడకపోతే నీ దారి నువ్వు చూసుకో" అన్నారు.

అందులో మొదటి సగం వినగానే జాన్ పాల్ భార్య దీవెన, పోయిన ఆదివారం చర్చిలో లేచి, తన భర్త ఉద్యోగం ఖాయం చేసినందుకు దేవునికి స్తోత్రమని సాక్ష్యం చెప్పేసింది. రెండో సగం ఆమెకి చెప్పే ధైర్యం అతనికి చాల్లేదు.

ఎనిమిది రోజుల కిందట శ్రీదుర్గగారు వచ్చి, అరవై రొయ్యల తోక కండలో సన్నటి నీలం ప్లాస్టిక్ చీటీలు గుచ్చి, ఒక్కోదానికి ఒక్కో నంబరు వేసి, షెడ్డు పక్కనున్న చిన్న చెరువులో వదిలి వెళ్ళారు. "నేను తిరిగొచ్చేదాకా ఈ చెరువు జోలికి ఎవరూ రాకూడదు. అరవైలో యాభై మిగిలితే చాలు, మూడేళ్ళ ఒప్పందం మీద సంతకం పెడతాను" అన్నారు. ఈ ఎనిమిది రోజులూ జాన్ పాల్ ఆ రొయ్యలకి పెట్టినంత శ్రద్ధగా తనెప్పుడూ అన్నం తినలేదు.

తీరా ఏడున్నరకి వెళ్ళేసరికి చెరువు గట్టున షామియానా, అరవై కుర్చీలు, తాటిచెట్టంత ఫ్లెక్సీ.

"ఇదేంటి సార్?" అన్నాడు జాన్ పాల్.

"సన్మానమయ్యా! అంత చదువుకున్న మనిషి వస్తంటే ఊరికే సంతకం పెట్టించుకుని పంపిస్తామా? డీలర్లందర్నీ పిలిచా" అన్నారు ఛైర్మన్.

"ఇక్కడ గోల వద్దని మేడమ్ రాశారండీ."

"సన్మానం గోల కాదయ్యా, మర్యాద. నువ్వెళ్ళి బెజవాడ స్టేషన్లో ఆవిణ్ణి కారెక్కించుకుని రా."

అంటే వచ్చిన దారినే వెనక్కి పోవాలి. రొయ్యల్ని ఎవరికో ఒకరికి అప్పగించక తప్పదు. ఆ చెరువు పక్కనే పొయ్యిలు పెట్టి వంట చేయిస్తున్న సీతారావమ్మగారు నమ్మకంగా కనిపించింది.

"సీతారావమ్మగారూ, ఈ చెరువు మీద ఒక కన్నేసి ఉంచండి. రొయ్యలు జాగ్రత్త."

"అంతగా చెప్పాలా బాబూ! నేను చూసుకుంటాగా" అందావిడ.

ఆవిడ మాట తప్పే మనిషి కాదు. అదే జాన్ పాల్ కొంప ముంచింది.

పదకొండున్నరకి శ్రీదుర్గగారిని తీసుకుని వచ్చాడు. కారు దిగగానే ఆవిడ చెరువు వైపు నడవబోయారు. ఛైర్మన్ అడ్డుపడి వేదిక ఎక్కించారు. ఒక శాలువా ఆయన కప్పారు. ఆయన కప్పాక చల్లపల్లి డీలరు ఊరుకుంటాడా? చల్లపల్లి కప్పాక ఉయ్యూరు ఊరుకుంటుందా? ఆ ఉక్కలో ఆవిడ మీద పదకొండు శాలువాలు చేరాయి. చెమటలు తుడుచుకుంటూ ఆవిడ మెల్లగా, "జాన్ పాల్ గారూ, చెరువు..." అన్నారు.

"చెరువెక్కడికి పోద్ది మేడమ్, ముందు భోంచేద్దాం రండి" అన్నారు ఛైర్మన్.

నిజమే, చెరువెక్కడికీ పోలేదు.

ఆకుల్లో పప్పు వచ్చింది, గుత్తి వంకాయ వచ్చింది, రొయ్యల ఇగురు వచ్చింది. శ్రీదుర్గగారు రెండో ముద్ద దగ్గర ఆగిపోయారు. వేళ్ళతో ఒక రొయ్యని పక్కకి తీసి, కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"పదిహేడు" అన్నారు. "మీరు పంపిన లెక్కల్లో అన్నిటికంటే ముందు మేత దగ్గరికొచ్చేది ఇదే."

జాన్ పాల్‌ ఆకు ముందు నుంచి లేచాడు. వంట దగ్గరికి పరిగెత్తాడు.

"మీరు జాగ్రత్తన్నారుగా బాబూ!" అంది సీతారావమ్మ. "రొయ్యలన్నీ పైకి తేలి గట్టుకి కొట్టుకుంటన్నాయి. చచ్చిపోతే పాడైపోవూ? బతికుండగానే వల పెట్టి తీసేశా. తెచ్చిన సరుకు ఎటూ తక్కువయ్యింది."

"తోకలకి నీలం చీటీలున్నాయి కదమ్మా!"

"కంపెనీ ముద్రేమో అనుకున్నాం. పీకితే మీరేవంటారోనని అలాగే ఉంచాం."

రొయ్యలు ఎందుకు తేలాయో మైకు లాజరు చెప్పాడు. "కరెంటు ఒక్క లైనేగా అన్నా. మైకు కుయ్యిమంటంటే, చెరువులోకి గాలి కొట్టే మోటారు ప్లగ్గు పీకేశా. ఛైర్మన్ గారి స్పీచ్ అవ్వగానే పెడదామనుకున్నా." ఛైర్మన్ గారి స్పీచ్ ఇంకా అయినట్టు కాదు, భోజనాలకోసం ఆపారంతే.

తప్పు ఎవరిదీ కాదు. అందరూ తమ పని శ్రద్ధగానే చేశారు. జాన్ పాల్‌కి తిట్టడానికి మనిషి కూడా దొరకలేదు. ఏడుపొక్కటే వచ్చింది.

శ్రీదుర్గగారు కేకలు వేయలేదు. "చీటీలన్నా తెచ్చివ్వండి. ఏ నంబర్లు ఇవాళ్టిదాకా బతికాయో రాసుకోవాలి" అన్నారు.

జాన్ పాల్ పళ్ళెం పట్టుకుని పంక్తిలో ఆకు ఆకు దగ్గరా వంగుతూ బయల్దేరాడు. "నీలం చీటీ వచ్చిందాండీ? ఇలా ఇవ్వండి."

రొయ్యల మేత డీలరుకి చీటీ కొత్త కాదు. పోయినేడు బస్తాల్లో చీటీలు పెట్టి కంపెనీ గ్రైండర్లు పంచింది. చల్లపల్లి డీలరు కిరీటి చేయి వెనక్కి లాక్కున్నాడు.

"నాకు ముప్పై ఏడొచ్చింది. ముందు ఏమిస్తన్నారో చెప్పండి."

"ఏమీ లేదండీ, ఇది ప్రయోగం..."

"నాకు రెండొచ్చినయ్" అన్నాడు పక్కాయన, చీటీలు జేబులో వేసుకుంటూ.

"మా ఆకులో ఒక్కటీ రాలా! ఉయ్యూరోళ్ళకే ఏరి ఏరి వడ్డించారు!" అని ఇంకొకాయన లేచాడు. మళ్ళీ ఇగురు వడ్డించమన్నారు. ఇగురు అయిపోయిందన్నారు. కుర్చీలు కదిలాయి. ఒకాయన పక్కవాడి ఎంగిలాకులో చేయి పెట్టాడు.

ఛైర్మన్ మైకు అందుకున్నారు. చీటీలేమిటో ఆయనకి తెలియదు. డీలర్ల ముందు తెలియదనే అలవాటూ ఆయనకి లేదు.

"శాంతించాలి! చీటీ వచ్చిన ప్రతి ఒక్కరికీ గ్రైండరు! రానివాళ్ళు బాధపడొద్దు, వచ్చే నెల నుంచి మన బస్తాల్లో నీలం చీటీలు!"

చప్పట్లు పామర్రు దాకా వినిపించి ఉంటాయి. ఆ తర్వాత ఒక్కరూ చీటీ ఇవ్వలేదు.

శ్రీదుర్గగారు పదకొండు శాలువాలూ మడిచి కుర్చీ మీద పెట్టారు. పదిహేడో నంబరు చీటీ కడిగి జాన్ పాల్ చేతిలో ఉంచారు.

"మీ మీద కోపం లేదండీ. మీ కంపెనీకి కావలసింది నా పని కాదు, నా ఫొటో. అది తీసేసుకున్నారు" అని సంతకం చేయకుండానే కారెక్కారు.

కారు కనుమరుగయ్యాక జాన్ పాల్ ఖాళీ చెరువు గట్టున కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ రాసిన ఉత్తరాలన్నీ ఒక పూట ఇగురులో ఉడికిపోయాయి. ఇలాంటి అవకాశం తనలాంటివాడికి మళ్ళీ రాదని అతనికి బాగా తెలుసు. ఆదివారం చర్చిలో దీవెన ముఖం ఎలా ఉంటుందో కూడా తెలుసు.

సాయంత్రం ఛైర్మన్ పిలిచారు. రాజీనామా జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

"డీలర్లు మూడు నెలల సరుకు ఇవాళే చెప్పేశారయ్యా! ఆకుల్లో చీటీలు పెట్టించే తెలివి నీదేనంటగా? రేపట్నించి నువ్వు పర్మనెంటు."

"సార్, మేడమ్ సంతకం పెట్టలేదండీ."

"సంతకం దేనికయ్యా? సన్మానం చేశాంగా!"

పరిశోధన ఆఫీసరుగా జాన్ పాల్‌కి అప్పగించిన మొదటి పని, బస్తాల్లో నీలం చీటీలు వేయించడం. రెండో పని కూడా అదే. రిటైరయ్యేదాకా ఇంకో పని ఉంటుందన్న ఆశ అతనికి లేదు. బస్తా మీద మాత్రం శాలువాలు కప్పుకుని, చెమటతో, చెరువు వైపు చూస్తున్న శ్రీదుర్గగారి ఫొటో వేశారు.

ఆదివారం చర్చిలో దీవెన మళ్ళీ లేచి భర్త ఉద్యోగం గురించి సాక్ష్యం చెప్పింది. పదిహేడో నంబరుకి వచ్చిన గ్రైండరు గురించి విడిగా చెప్పింది.