గమ్యానికి అభిముఖంగా

ముందుకు సాగే దేశంలో ఏ పౌరుడూ గమ్యానికి వీపు పెట్టి ప్రయాణించరాదు. 1964లో భిలాయి టౌన్‌షిప్‌ జలక్రీడల ఉపసంఘం ఏకగ్రీవంగా కనుగొన్న ఈ సత్యం, అప్పటిదాకా ప్రపంచంలో ఏ పడవకూ తెలియదు.

కారణం అప్పలసూరి. భీమిలి ఉప్పునీళ్ళలో పెరిగి, రోలింగ్ మిల్లులో పనిచేస్తూ, కలకత్తాలో అందరినీ ఓడించి కొలంబో అంతర్జాతీయ పడవ పందేలకు ఎంపికయ్యాడు. ఇక కావలసింది ఒక్క నో అబ్జెక్షన్ సర్టిఫికెట్. అది ఇవ్వవలసిన కార్యదర్శి నరసింగరావు గారు రిజర్వాయరు గట్టున గొడుగు కింద కూర్చుని అతని సాధన పరిశీలించారు. (ఆయనకు నీళ్ళంటే భయం. అందుకే నిష్పక్షపాతంగా ఉంటారని జలక్రీడలు అప్పగించారు.)

"అదేమిటయ్యా, వెళ్ళేది అటు, చూసేది ఇటు?"

"తెడ్డేసే పందెం అలాగే ఉంటాది సాబ్. అందరూ ఎనక్కి తిరిగే కూకుంటారు. లాగితేనే పడవకి జోరొస్తాది. ముందరకి తిరిగి తోస్తే బలం సాలదండి."

"బలం సంగతి తర్వాత. విదేశీయుల ముందు మనం వెనక్కి వెళ్తున్నట్టు కనిపించడం ప్రణాళికా లక్ష్యాలకు విరుద్ధం."

వర్క్‌షాపులో పడవ సీటు ముందుకు తిప్పి రివెట్లు కొట్టారు. పోటీ నిబంధనల్లో దీనికి నిషేధం లేదు. (ఇలాంటి పని చేసేవాళ్ళు ఉంటారని రాసినవాళ్ళకు తోచలేదు.)

"ఏటి, నిజంగా ఆలాగే తోస్తావేటి?" అంది భార్య కనకరత్నం.

"తొయ్యనంటే కాయితం ఇవ్వరట. ముప్పై దాటిపోనాయి నాకు. మళ్ళీ ఎవులు పిలుస్తారే?"

కలిపిన అన్నం ముందు పెట్టుకుని ఏడ్చాడు. దానికి మాత్రం ఎవరూ అబ్జెక్షన్ చెప్పలేదు.

కొలంబోలో తుపాకీ పేలింది. అయిదుగురు విదేశీయులు లాగారు, అప్పలసూరి తోశాడు. వాళ్ళు అతన్ని దాటి ముందుకు పోతున్నా, వెనక్కి తిరిగి కూర్చున్నవాళ్ళు కనుక ముఖాలన్నీ అతని వైపే ఉన్నాయి. మొదట ఆశ్చర్యం, తర్వాత నవ్వు, చివరికి జాలి, అన్నీ వరసగా కనిపించాయి. సిగ్గుతో తల తిప్పుకుందామనుకున్నాడు గానీ ముందుకే చూడాలని ఉత్తర్వు. ఆఖరివాడిగా ఒడ్డు చేరాడు.

మేనేజరు హోదాలో వెంట వెళ్ళిన నరసింగరావు గారు తిరిగొచ్చి నివేదిక సమర్పించారు. ఎన్నో స్థానం వచ్చిందో రాయడానికి అందులో చోటు చాలలేదు. ఆఖరి వాక్యం మాత్రం చప్పట్ల మధ్య రెండుసార్లు చదివారు: "పందెం మొదలైంది లగాయతు ముగిసేదాకా, విదేశీ క్రీడాకారులందరూ మనవాడినే చూస్తూ ఉండిపోయారు."