గుండప్ప వాటా పాలు

ఒక తల్లికి ఒక కాన్పులో ఒక్క బిడ్డే పుట్టవలెనని నాగరిక ప్రభుత్వాలన్నీ ఏనాడో తీర్మానించుకున్నాయి. ఆ సంగతి దేవుడికి మాత్రం ఎవరూ తెలియజేయలేదు. (తెలియజేసినా ఆ కాగితం ఇంకా దారిలోనే ఉండి ఉంటుంది. బళ్లారి జిల్లా మద్రాసు చేతిలోంచి మైసూరు చేతిలోకి మారినప్పుడు చాలా కాగితాలు అట్లాగే దారిలో ఉండిపోయాయి.) అందువల్ల బళ్లారి బజారులో బెల్లం, చింతపండు అమ్ముకునే విరూపాక్షయ్య భార్య సరస్వతమ్మకు ఒకే పొద్దున ముగ్గురు మగపిల్లలు పుట్టారు. ముగ్గురూ బతికారు. ముగ్గురూ ఒకే వారంలో నడక నేర్చుకున్నారు.

పిల్లలతో ఇల్లు కళకళలాడుతున్నదని మెచ్చుకునే వాళ్లంతా పొద్దు గూకేసరికి తమ ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లే. సరస్వతమ్మకు ఆ సౌకర్యం లేదు. ముగ్గురిలో పంపాపతి బావి గట్టు వైపు పరుగెత్తితే ఆమె వాడి వెంట పరుగెత్తేది. ఆ సందులో కుమారస్వామి అంగట్లోకి పోయి బెల్లం బుట్టలో కూర్చునేవాడు. వాణ్ణి కడుగుదామని తీసుకొస్తే, కడిగింది కుమారస్వామినేనా అని అనుమానం వచ్చేది. ఒక్కొక్కసారి ఒకడికి రెండుసార్లు నీళ్లు పడేవి, ఇంకొకడు బెల్లంతోనే నిద్రపోయేవాడు. గుర్తు కోసం ముగ్గురికీ మూడు రంగుల మొలతాళ్లు కట్టింది. అవి వాళ్లు మధ్యాహ్నానికల్లా విప్పుకుని ఒకరిది ఒకరు నమిలేవాళ్లు. ఒకణ్ణి కొడితే ముగ్గురూ ఏడ్చేవాళ్లు. ముగ్గుర్నీ కొడదామంటే ఆమెకు ఉన్నవి రెండు చేతులే.

అయితే ముగ్గురూ ఒకరి మీద ఒకరు కాళ్లేసుకుని కుప్పగా పడి నిద్రపోతున్నప్పుడు ఆమె గడప దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయేది. ఆ కాసేపు ఆమెకు లోకంలో ఎవరి మీదా కోపం ఉండేది కాదు, అత్తగారి మీద కూడా.

అత్తగారు ఉచ్చెంగమ్మకు మనవలంటే ప్రాణం. వాళ్ల లెక్క మాత్రం నచ్చలేదు. మూడు మంచి లెక్క కాదని ఎరగని వాళ్లెవరు? శుభకార్యానికి ముగ్గురు బయలుదేరవలసి వస్తే నాలుగోదిగా ఒక రాయిని చేత పట్టుకుని పోయే ఊరు అది. పైగా బారసాల నాడు బిడ్డకంటే ముందు రుబ్బురోటి గుండును కడిగి, పసుపు రాసి, గుండప్ప అని పేరు పెట్టి, ఊయలలో పడుకోబెట్టి జోల పాడటం అక్కడి ఆచారం. బిడ్డ గుండులాగా గట్టిగా ఉండాలని. జోల అయ్యాక గుండును తీసి రోట్లో వేస్తారు. ఉచ్చెంగమ్మ తీయలేదు. ముగ్గురి పక్కన నాలుగోవాడుగా ఉంచేసింది. వాడికీ చొక్కా కుట్టించింది, కాటుక పెట్టింది, ఎవరడిగినా "నాకు నలుగురు మనవళ్లు" అనేది. ఆనాటి నుంచి ఆ ఇంటి దోసెల పిండి పక్కింటి లక్ష్మక్క రోట్లో రుబ్బించవలసి వచ్చింది. మనవడి చేత పిండి రుబ్బించే అవ్వ ఎక్కడైనా ఉంటుందా? బజారంతా ఎరిగిన సంగతే గనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు.

పిల్లలకు రెండేళ్లు దాటిన ఏడు వాన పడలేదు. పాలు పోసే కెంచప్ప ఎనుములను తోలుకుని తుంగభద్ర కాలువ పక్క ఊళ్లకు పోయాడు. డబ్బు పెట్టినా పాలు దొరకని రోజులు వచ్చాయి. ముగ్గురిలో ఎర్రిస్వామి పుట్టినప్పటి నుంచీ అర్భకుడు. వాడి కాళ్లు సన్నబడ్డాయి. నడక నేర్చినవాడు మళ్లీ పాకడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి డాక్టరమ్మ వాడి కంటి రెప్పలు వెనక్కి లాగి చూసి, "పాలు పడితే నిలబడతాడు" అన్నది. 

సరిగ్గా ఆ సమయానికే సర్కారు వారు కరుణించి ఊళ్లో శిశు క్షీర వితరణ కేంద్రం తెరిచారు. పాలపొడిని వేడినీళ్లలో కలిపి ఇంటికి పోసి పంపుతారు. దానికి వాదిరాజాచార్ అనే అధికారి ధార్వాడ వైపు నుంచి వచ్చాడు. ఆయన నీతిమంతుడు. అంతకు ముందు పనిచేసిన ఊళ్లో తల్లులు ఇరుగుపొరుగు పిల్లల్ని అరువు తెచ్చి చూపించి పాలు ఎక్కువ పట్టుకుపోతుంటే పట్టుకుని మెడల్ అందుకున్నవాడు. (ఆ పిల్లలకు కూడా ఆకలి వేస్తుండేదేమో అన్నది ఆయన శాఖకు సంబంధించిన ప్రశ్న కాదు.)

పిల్లల్ని రాసుకోవడానికి గుమాస్తా బసవరాజు ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చాడు. ఆ వేళకు సరస్వతమ్మ పెరట్లో, బావి గట్టు మీద ఒకణ్ణి, తులసికోట మీద ఇంకొకణ్ణి పట్టుకుని ఉన్నది. వాకిట్లో ఉచ్చెంగమ్మ కూర్చుని ఉన్నది.

"అవ్వా, ఐదేళ్ల లోపల పిల్లోళ్లు ఎంతమంది ఉండారు?"

"నలుగురప్పా."

"పేర్లు చెప్పు."

ఉచ్చెంగమ్మ చెప్పింది. నాలుగో పేరు దగ్గర బసవరాజు తలెత్తాడు. "నలుగురిదీ ఒకే రోజా పుట్టిన రోజు?"

"గుండప్ప శానా ముందునుంచీ ఉండాడప్పా. పేరు మాత్రం అందరికీ ఒకే దినం పెట్టినాము."

"రోగాలేమన్నా ఉండాయా?"

"ఎర్రిస్వామికి అన్నీ ఉండాయి. గుండప్పకు ఏమీ లేవు. ఏడ్సడు కూడా."

బసవరాజుకు ఇంకా మూడు వీధులు మిగిలి ఉన్నాయి. నలుగురని రాసుకుని, ఒకే తేదీ వేసుకుని వెళ్లాడు. పాల కార్డు వచ్చింది. సరస్వతమ్మ దాన్ని చదివి అత్తగారి వైపు చూసింది. విరూపాక్షయ్య చదివి తృప్తిగా తలాడించాడు.

"సర్కారు నలుగురంటే నలుగురే. మనమెందుకు వాదించల్ల? నాలుగు వాటాలు వస్తాయి కదా. వాదిస్తే ఆ ఆఫీసరప్ప రేపు అంగడికొచ్చి మూటలు లెక్కపెడ్తాడు" అన్నాడు.

వ్యాపారికి ఉండవలసిన దూరదృష్టి అంతా ఆయనకు ఉన్నది. దాని అవతల ఉన్నది మాత్రం కనిపించలేదు. కార్డులో ఉన్న బిడ్డలందరినీ ఒకేసారి కళ్లకు చూపించాలని, ఒక్కరు తక్కువైనా ఆ ఇంటికి చుక్క పాలు కూడా పోయరాదని వాదిరాజాచార్ గారి నిబంధన.

సరస్వతమ్మ ఒకణ్ణి చంకన, ఒకణ్ణి వీపున వేసుకుని, మూడోవాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కుంటూ వరుసలో నిలబడింది. వరుస కదిలినప్పుడల్లా ముగ్గురిలో ఒకడు కిందికి జారి కదిలేవాడు కాదు. ముందుకు పోయి వెనక్కి వచ్చి, వెనక్కి వచ్చి ముందుకు పోయి, చివరికి ఆమె బల్ల దగ్గరికి చేరింది.

"ఏనమ్మా, నాలుగో బిడ్డ యాడ?" అన్నాడు వాదిరాజాచార్. ఊరికి వచ్చిన కొత్తలోనే ఆయన తెలుగు నేర్చుకున్నాడు. ప్రజలను ప్రశ్నించడానికి సరిపోయేంత నేర్చుకున్నాడు.

"నాలుగో బిడ్డ లేడు సారూ. అది మా రుబ్బురోటి గుండు. మా అత్త చెప్పింది, మీ గుమాస్తా రాసుకున్నాడు. దాన్ని కొట్టేయండి."

"ఆగల్లమ్మా."

ఆగల్ల అంటే కన్నడంలో వీలుకాదని. బళ్లారి మైసూరులో కలిసినప్పటి నుంచి ఊళ్లో తెలుగువాళ్లంతా మొట్టమొదట నేర్చుకున్న మాట అదే.

"ఒక బిడ్డ పేరు కొట్టేయాలంటే ఆ బిడ్డ చచ్చిపోయినట్టు సర్టిఫికెట్ కావల్ల" అన్నాడు ఆయన, చాలా సానుభూతితో.

సర్టిఫికెట్ కోసం పోతే మున్సిపాలిటీ వాళ్లు, పుట్టినట్టు దాఖలా లేనివాణ్ణి చంపలేమన్నారు. ఇంట్లో ఉచ్చెంగమ్మ సర్టిఫికెట్ మాట వినగానే గుండప్పను ఒళ్లోకి తీసుకుని, "నా మనవడికి సావు కాగితమా? అడిగినోళ్ల నోట్లో మన్ను పడ!" అని వీధి వినేటట్టు తిట్టింది. విరూపాక్షయ్య అంగట్లోకి వెళ్లి మూటలు సర్దడం మొదలుపెట్టాడు. ఎర్రిస్వామి ఆ రోజు గంజి కూడా కక్కుకున్నాడు. సరస్వతమ్మ వీళ్లలో ఎవరిని ముందు చంపాలో తోచక, వాడి మూతి తుడిచింది.

మరుసటి రోజు వరుసలో అత్తాకోడళ్లు ఇద్దరూ నిలబడ్డారు. కోడలి దగ్గర ముగ్గురు, అత్త దగ్గర ఒకడు. ఆ ఒకడికి ఒంటిన చొక్కా, నెత్తిన కుచ్చు టోపీ, నుదుట కాటుక బొట్టు ఉన్నాయి. ఉచ్చెంగమ్మ వాణ్ణి ఆఫీసు బెంచీ మీద కూర్చోబెట్టింది. వాడు కూర్చున్నాడు.

బసవరాజు దగ్గరికి వచ్చి చూసి, వేలితో తట్టి, అధికారి చెవి దగ్గర వంగాడు. "సార్, ఇది రాయి."

"కార్డులో ఏమని ఉండాది?"

"బిడ్డ అని."

"ఎవరు రాసినారు?"

"నేనే సార్."

"ఇంటికి పోయి కళ్లారా చూసి రాసినట్టు కింద సంతకం పెట్టినావా?"

"పెట్టినాను."

"అయితే ఇది రాయి అయితే నీ ఉద్యోగం పోతాది. సరిగ్గా చూసి చెప్పు బసవరాజూ. ఇది ఏంది?"

బసవరాజు సరిగ్గా చూశాడు. అతనికి ఇంట్లో పెళ్లాం, పెళ్లి కావలసిన చెల్లెలు ఉన్నారు.

"బిడ్డే సార్. కొంచెం నల్లగా ఉండాడు."

తరువాత మిగతా ముగ్గురి వంతు వచ్చింది. వాదిరాజాచార్ కనుబొమలు ముడిపడ్డాయి. ఒకే తల్లి, ఒకే తేదీ, ఒకే ముఖం. ఒక బిడ్డను మూడుసార్లు చూపించే మోసం ఆయన ఇంతవరకు చూడలేదు గాని, చూస్తే ఇట్లాగే ఉంటుందని ఆయనకు తోచింది.

"ముగ్గురూ ఒక్కసారే కనిపిస్తాండారు కదా సారూ" అన్నది సరస్వతమ్మ.

"ఇప్పుడు కనిపిస్తారమ్మా. రేపు పైనుంచి వచ్చే ఆడిటర్‌కు కాగితంలో ఎట్ల కనిపిస్తారు? ఒక్కొక్కరినీ బెంచీ మీద కదలకుండా కూర్చోబెట్టు. గుర్తులు రాసుకుంటాము."

రెండేళ్ల పిల్లవాణ్ణి కదలకుండా కూర్చోబెట్టమనే నిబంధన రాసినవారు ఎవరో గాని బ్రహ్మచారి అయి ఉండాలి. పంపాపతి ముద్రల లక్క కరిగించే దీపం దగ్గరికి పోయాడు. కుమారస్వామి జవాను పిక్క కరిచాడు. బసవరాజు ఒకడి చెవి కింద మచ్చ రాసుకుంటుండగా వాడు మారిపోయి ఇంకొకడయ్యాడు. ఎర్రిస్వామి ఒక్కడే కాసేపు కూర్చున్నాడు, ఓపిక లేక. వాడి మచ్చలు రాద్దామనుకునేలోగా వాడూ కిందికి జారి తల్లి కోసం ఏడ్చాడు. ఆసాంతం బెంచీ మీద కదలకుండా ఉన్నది గుండప్ప ఒక్కడే.

"వీడు నిజమైన బిడ్డ. వీడికి మంజూరు. మిగతా ముగ్గురూ విచారణలో ఉండారు" అని వాదిరాజాచార్ సెలవిచ్చాడు.

ఆ విధంగా ఆ ఇంటికి గుండప్ప వాటా పాలు రావడం మొదలైంది. రోజూ ఉచ్చెంగమ్మ గుండప్పను ఎత్తుకుని పోయేది, సరస్వతమ్మ చెంబు పట్టుకునేది. ఒక బిడ్డ పాలు ముగ్గురికి చాలవని లెక్క వచ్చిన ఎవరైనా చెప్పగలరు. తల్లి పంచితే చాలుతాయి. పంపాపతికి, కుమారస్వామికి తలా గుక్కెడు పోసి మిగిలినదంతా ఎర్రిస్వామికి తాగించేది. కొన్నాళ్లకు వాడి బుగ్గలు నిండాయి. ఒక రోజు గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ మరునాడు గోడ వదిలేసి నాలుగడుగులు వేసి, కుమారస్వామి జుట్టు పట్టుకుని పీకాడు. సరస్వతమ్మ జన్మలో అంత సంతోషంగా పిల్లల తగువు తీర్చలేదు.

అంతలో పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. పోసిన పాలు బిడ్డల్లో ఎక్కడ చేరినవో తేల్చాలని. మంజూరైన రోజు లాగే పత్తి మండీ నుంచి తక్కెడ అరువు తెచ్చి, పిల్లల్ని తూచి, ఆనాడు కార్డులో రాసిన బరువుతో సరిచూశారు. గుండప్ప వంతు వచ్చింది. వాదిరాజాచార్ స్వయంగా లేచి వచ్చి రెండుసార్లు తూయించాడు.

"ఒక్క గింజెత్తు కూడా పెరగలేదు!" అన్నాడు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉన్నది. "ఇన్ని పాలు పోసినాము. ఏమైనాయమ్మా?"

సరస్వతమ్మ ఎర్రిస్వామిని ఎత్తి తక్కెడ దగ్గరికి తెచ్చింది. "ఈడిని తూచండి సారూ. ఈడికి పోసినాను. చూడండి, ఎంత పెరిగినాడో. నడుస్తాండాడు."

"ఆగల్లమ్మా. ఈ బిడ్డ ఉండాడో లేదో ఇంకా తేలలేదు. తేలని బిడ్డ పెరిగితే మాకు సంబంధం లేదు." ఆయన గుండప్ప వైపు తిరిగాడు. "తేలిన బిడ్డ నోరు కొట్టి వీళ్లకు పోసినావు. నోరు లేని బిడ్డ అనే కదా? తల్లివా నువ్వు?"

చుట్టూ వరుసలో ఉన్న ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. వాళ్లలో గుండప్ప బారసాలకు వచ్చి జోల పాడిన వాళ్లు సగం మంది. అధికారి చెప్పేదాకా ఆ తల్లి ఇంత పాపిష్టిదని వాళ్లకూ తెలియదు. ఉచ్చెంగమ్మ గుండప్ప చొక్కా సవరించి, మొట్టమొదటిసారి కోడలి పక్షాన ఏదో అనబోయింది.

గుండప్ప బరువు పెరిగేదాకా ఆ కార్డుకు పాలు ఆపవలసిందని వాదిరాజాచార్ రాశాడు. బసవరాజు తల వంచుకుని ముద్ర వేశాడు. సరస్వతమ్మ చేతిలోని ఖాళీ చెంబు చూసి ఎర్రిస్వామికి విషయం అర్థమైంది. వాడు నేల మీద పడి పొర్లుతూ ఏడవసాగాడు. వాణ్ణి చూసి మిగతా ఇద్దరూ అందుకున్నారు. సరస్వతమ్మ ఎవరినీ ఎత్తుకోలేదు, అక్కడే నిలబడింది.

వాదిరాజాచార్ చెవులు మూసుకుని, బెంచీ మీద కూర్చున్న గుండప్పను చూపించాడు.

"ఆ బిడ్డకూ ఈ పొద్దు నుంచి పాలు లేవు కదమ్మా. వాడు ఏడుస్తాండాడా?"