మరియమ్మగారి పేరు మీద

మనిషికి మర్యాద చేయడం తక్కిన జిల్లాల్లో ఒక అలవాటు. పశ్చిమ గోదావరి జిల్లాలో అదొక పరిపాలనా వ్యవస్థ. దానికి ఆఫీసు లేదు, జీవో లేదు, అప్పీలు అంతకన్నా లేదు. మీరు పెద్దమనిషి అని ఒకసారి తేలిపోయాక మిమ్మల్ని కూర్చోబెడతారు. కూర్చున్నాక లేవనివ్వరు. (లేవబోయినవాళ్ళకి ఇంకో గారె వేస్తారు.)

ఈ వ్యవస్థ కింద జీవితమంతా లబ్ధి పొందినవాళ్ళలో మరియమ్మగారిని ముందు చెప్పుకోవాలి. ఆవిడ భర్త ఉంగుటూరు దగ్గర ఒక పల్లెలో పాస్టరు. పాస్టరుగారి భార్య అంటే ఊరందరికీ అమ్మగారు. అమ్మగారు ఎక్కడికి వెళ్ళినా ముందు కుర్చీ వస్తుంది, ఆ తరవాత పలకరింపులు వస్తాయి. ఏలూరులో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడల్లా సంఘంలోని ఆడవాళ్ళతో కలిసి ఆవిడా వెళ్ళేది. వాళ్ళంతా జెయింట్ వీల్ ఎక్కి గోలగోలగా కేకలు పెట్టేవారు. ఆవిడ కింద కుర్చీలో కూర్చుని వాళ్ళ చెప్పులకీ, చేతిసంచులకీ, చంటిపిల్లలకీ కాపలా కాసేది. అమ్మగారు గాల్లోకి లేచి కేకలు పెడితే బాగుండదని ఆవిడతో ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆవిడ పుట్టింది కొల్లేటి మధ్యన ఒక లంకలో. కొల్లేట్లో పుట్టినవాళ్ళకి కొల్లేరు కనిపించదు. కనిపించేవల్లా చుట్టూ మనిషెత్తు కిక్కిసగడ్డీ, పడవలో ముందు కూర్చున్నవాళ్ళ వీపూ. పెళ్ళయి మెరక ఊరికి వచ్చేశాక ఆ కాస్తా కూడా పోయింది. ఆ నీళ్ళని ఒక్కసారి పైనుంచి మొత్తంగా చూడాలనీ, అందులో తన ఊరు ఎక్కడుందో కనిపెట్టాలనీ ఆవిడ కోరిక. అది చాలా చిన్న కోరికని ఆవిడకీ తెలుసు. చిన్నది కాబట్టే ఇన్నేళ్ళూ ఎవరితోనూ చెప్పుకోలేదు. భర్త పోయి, ఏలూరులో కొడుకు దగ్గర ఉంటున్నాక, ఒక ఆదివారం భోజనాల దగ్గర నోరుజారి చెప్పేసింది.

కొడుకు ఆనంద్ పాల్ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. తల్లంటే ప్రాణం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, వరుసల్లో నిలబడలేదు, కాబట్టి జరిగేదేదో సుఖంగా జరగాలి అనుకున్నాడు. ఆయన చేసిన తప్పల్లా అదే.

ఆ ఏడే దెందులూరు దాటాక హైవే పక్కన 'హంసవిహార్ వండర్ వరల్డ్' తెరిచారు. యజమాని జగ్గారావుగారికి అంతకుముందు కొల్లేట్లో చేపల చెరువులూ, తాడేపల్లిగూడెంలో ఒక కళ్యాణ మండపమూ ఉండేవి. ముందేడాది సర్కారువాళ్ళు కొల్లేట్లో అనుమతిలేని చెరువుల గట్లన్నీ కొట్టేశారు. నీళ్ళ మీద వ్యాపారం అలవాటైన మనిషి కనక జగ్గారావుగారు జారుడుబల్లల మీద నీళ్ళు పారించే పార్కు ఒకటి కట్టారు. అన్నిటికన్నా ఎత్తుగా జెయింట్ వీల్ నిలబెట్టారు. దాని మీదనుంచి కొల్లేరు చూడవచ్చునని కరపత్రాల్లో వేయించారు. (పక్కన ఫొటో మాత్రం స్విట్జర్లాండుది. ప్రెస్సులో ఆ రోజుకి అదే ఉంది.)

పార్కులో మామూలు టిక్కెట్టు కాక 'వి.ఐ.పి. ప్రత్యేక సందర్శన' అని ఇంకొకటుంది. ఆ విభాగానికి మర్యాదల సూపరింటెండెంటు వీర్రాజుగారు. ఆయన అంతకుముందు కళ్యాణ మండపంలో మగపెళ్ళివారిని చూసుకునేవారు. ఆ ఉద్యోగంలో ఆయన నేర్చుకున్న సూత్రం ఒక్కటే. మగపెళ్ళివారిని కుర్చీలోంచి లేవనివ్వకూడదు. లేస్తే తిరుగుతారు. తిరిగితే వంటశాల వైపు వస్తారు. వస్తే ఏదో ఒక లోపం కనిపెడతారు. ఆయన చేతిమీదుగా జరిగిన పెళ్ళిళ్ళలో ఒక్క వియ్యంకుడూ లేవలేదు, ఒక్క పెళ్ళీ ఆగలేదు. ఆ అనుభవాన్నంతా జగ్గారావుగారు తెచ్చి పార్కులో పెట్టారు.

కోడలికి ఆ శనివారం స్కూల్లో పరీక్షల డ్యూటీ పడడంతో తల్లీ కొడుకులిద్దరే వెళ్ళారు. మామూలు గేట్లోంచి జనం తోసుకుంటూ లోపలికి పోతున్నారు. వి.ఐ.పి. గేటుకి తాళం వేసి ఉంది. మామూలు జనం పొరపాటున అందులోంచి వచ్చేయకుండా అది ఎప్పుడూ తాళం వేసే ఉంచుతారట. తాళంచెవి వచ్చేలోగా వీర్రాజుగారు స్వయంగా వచ్చి పన్నీరు చల్లారు, గంధం రాశారు, కలకండ చేతిలో పెట్టారు. ఆనంద్ పాల్‌కి ముచ్చటేసింది. తన తల్లికి ఇంత గౌరవం జరగడం చూసి కళ్ళు చెమర్చాయి కూడా.

అక్కణ్ణుంచి విడిదికి తీసుకెళ్ళారు. (అది ఏసీ గది. కానీ తలుపు మీద విడిది అనే రాసి ఉంది.) అక్కడ కళ్యాణ మండపం నుంచి తెచ్చిన వధూవరుల సింహాసనాలు రెండు ఉన్నాయి. తల్లీ కొడుకులు వాటిలో కాస్త ఇబ్బందిగా సర్దుకున్నారు. పెసరట్టు ఉప్మా వచ్చింది. అల్లప్పచ్చడి చాలా బాగుంది. తిన్నాక మరియమ్మగారు చెంగు సర్దుకుని లేవబోయింది. తిన్న గంటలోపు ఎవరూ ఏ యంత్రమూ ఎక్కకూడదని, అది డాక్టర్లు పెట్టిన నియమమని వీర్రాజుగారు వినయంగా మనవి చేశారు. సరే కదా అని గంటసేపు కూర్చున్నారు. గంట కాగానే పూతరేకులు వచ్చాయి. ప్రతి గంటకీ ఫలహారం పెట్టి తీరాలన్నది వి.ఐ.పి. విభాగం నియమం. ఈ రెండు నియమాలూ రాసింది ఒకే మనిషి అయినా, రెండింటినీ ఆయన ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

తరవాత బంతిపూల దండలు కట్టిన బ్యాటరీ కారులో ఊరేగింపు మొదలైంది. దూరంగా ఆపి, బెత్తంతో చూపిస్తూ వీర్రాజుగారు వివరించేవారు. అవి వాటర్ స్లయిడ్లు. వాటిలో ప్రజలు పైనుంచి కిందికి జారుతారు. అది వేవ్ పూల్. అందులో ప్రజలు తడుస్తారు. 'ప్రజలు' అనేటప్పుడు ఆయన గొంతులో కొంచెం జాలి ధ్వనించేది. ఫిజిక్సు ప్రకారం జెయింట్ వీల్‌లో ప్రమాదమేమీ ఉండదని, అమ్మని ఒక్కసారి ఎక్కిస్తే చాలని ఆనంద్ పాల్ చెప్పబోయాడు. నోట్లో కాజా పెట్టారు. అది కాకినాడ నుంచి తెప్పించింది కావడంతో ఆయన వాదన అక్కడికి ఆగింది.

చివరికి జెయింట్ వీల్ ఎదురుగా షామియానా కింద సోఫాల్లో దించారు. మరియమ్మగారు తలెత్తి చూసింది. చక్రం తిరుగుతోంది. పైకి వెళ్ళినవాళ్ళు అందరూ ఒకే వైపుకి చేతులు చూపిస్తున్నారు. ఆ వైపు కొల్లేరని ఆవిడకి తెలుసు.

"ఎప్పుడెక్కుతామండీ?" అని అడిగింది.

వీర్రాజుగారు నొచ్చుకున్నారు. "మీరెక్కడమేంటండీ అమ్మగారూ. మీలాంటి పెద్దలు అలా గాల్లో వేలాడుతుంటే మాకు మాటొచ్చేస్తుందండీ. మీ తరఫున మా మనిషి ఎక్కుతాడండీ."

ఆ మనిషి పేరు బుల్లిరాజు. నలభై దాటిన భారీ మనిషి. మండపంలో సాంబారు వడ్డించేవాడు. ఇప్పుడు వి.ఐ.పి. ప్రతినిధి. వి.ఐ.పి.ల బదులు జారడం, తడవడం, తిరగడం ఆయన విధులు. చేతులు కట్టుకుని, ఎవరి పేరు మీద ఎక్కాలండీ అని అడిగాడు. అలవాటు కొద్దీ గోత్రం కూడా అడగబోయి, మరియమ్మగారి పేరు విన్నాక ఊరి పేరు చెబితే చాలన్నాడు. వీర్రాజుగారు మైకులో ఆవిడ పేరూ, పుట్టిన లంక పేరూ చదివారు. బుల్లిరాజు చక్రం వైపు దణ్ణం పెట్టుకుని ఎక్కాడు. కొంతసేపటికి దిగి, షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"చాలా బాగా తిరిగారండి అమ్మగారూ" అని నివేదించాడు. "రెండో చుట్టులో మీకు కాస్త కడుపులో తిప్పిందండి. తరవాత సర్దుకున్నారు."

"కొల్లేరు ఎలా ఉంది బాబూ?"

బుల్లిరాజు నేల చూపులు చూశాడు. "కళ్ళు మూసుకున్నానండి. ఎత్తంటే నాకు భయమండి."

మరియమ్మగారికి కోపం వచ్చింది. ఆవిడకి కోపం రావడం అరుదు, వచ్చినా బయటికి కనపడదు. జన్మంతా తను ఎక్కలేదు, సరే. తన పేరు చెప్పుకుని ఎక్కినవాడు కూడా చూడకుండా దిగిపోవడం మాత్రం ఆవిడ భరించలేకపోయింది. కాసేపు ఆలోచించి, చెంగు తలమీద కప్పుకుంది.

"ఇంత ఆదరించారు. మీ అందరి కోసం ప్రార్థన చేస్తాను" అంది. "మౌన ప్రార్థన. నేను ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకండి."

ఆనంద్ పాల్ వెంటనే కళ్ళు మూసుకున్నాడు. పాస్టరుగారి కొడుకు, ఆమేన్‌కి ముందు కళ్ళు తెరిస్తే ఏం జరుగుతుందో చిన్నప్పుడే వీపు మీద తెలుసుకున్నవాడు. వీర్రాజుగారిది వేరే మతమే అయినా, వి.ఐ.పి.లు ఏం చేస్తే అది చేయడం వృత్తిధర్మం కనక ఆయనా మూసుకున్నారు. బుల్లిరాజుకి కళ్ళు మూసుకోవడం బాగా అలవాటు. మరియమ్మగారు చెప్పులు చేత్తో పట్టుకుని షామియానా దాటింది.

టిక్కెట్టు కొనుక్కుని, ఎప్పటి అలవాటు చొప్పున నేరుగా ముందుకి వెళ్ళి నిలబడింది. వరుస చివరినుంచి ఒకావిడ వచ్చి భుజం మీద తట్టింది.

"ఏమ్మోయ్, మేమంతా మనుషుల్లా కనపడట్లేదా? ఎనక్కెళ్ళి నించో."

ఆవిడ నల్లజర్ల నుంచి వచ్చిన సూరమ్మ. ఇంచుమించు తన వయసే. మరియమ్మగారిని ఎవరైనా నించోమని ఎన్నేళ్ళయిందో లెక్క లేదు. ఆనందంగా వెళ్ళి సూరమ్మ వెనక నిలబడింది. మోకాళ్ళు సలిపాయి. సలపనీ అనుకుంది. ఎవరో కాలు తొక్కారు. ఎవరూ కుర్చీ తేలేదు. ఎక్కే వేళకి పెట్టెలో ఇద్దరు పట్టాలి కాబట్టి సూరమ్మే ఆవిణ్ణి చెయ్యిపట్టి లోపలికి లాక్కుంది.

"బయమేస్తే నా చెయ్యి ఒదలకు ఒదినా" అని చెప్పింది.

చక్రం లేచింది. మరియమ్మగారు కేక పెట్టింది. సూరమ్మ అంతకన్నా పెద్ద కేక పెట్టింది. వరిచేలూ, కొబ్బరితోటలూ కిందికి జారిపోయాయి. వాటికవతల గళ్ళ దుప్పటి పరిచినట్టు చెరువులు, ఆ తరవాత తెగిన గట్లు, ఆ తరవాత ఏ గట్టూ లేకుండా కంటికి ఆనినంత మేరా నీళ్ళు. నీళ్ళలో నల్లటి గీతల్లా లంకలు. వాటిలో ఏదో ఒకటి తనది. ఏదో తేల్చుకోలేకపోయింది. తేలకపోయినా ఫరవాలేదనిపించింది. ఇంత పెద్దదాంట్లోనా నేను పుట్టాను అనుకుంది. ఏడుపొచ్చింది, హాయిగా ఏడ్చింది. సూరమ్మ తన చెంగుతోనే ఆవిడ కళ్ళు తుడిచింది. కిందికి చూస్తే షామియానాలో ముగ్గురూ తలలు వంచుకుని అలాగే ఉన్నారు. మాట తప్పకూడదని మరియమ్మగారు ఆమేన్ అంది. అంత ఎత్తునుంచి అనడం వల్ల కింద ఎవరికీ వినపడలేదు.

వాళ్ళని విడిపించినవి మిరపకాయ బజ్జీలు. ఆ గంట ఫలహారం పళ్ళెంలో పట్టుకొచ్చినవాడు, పెద్దావిడ ఎక్కడండీ అని అడిగాడు. వీర్రాజుగారు కళ్ళు తెరిచి, ఖాళీ సోఫా చూసి, తలెత్తి ఆకాశం చూశారు. తన సర్వీసులో మొదటిసారిగా వియ్యపురాలు లేచిపోయింది. వెంటనే మైకు అందుకున్నారు.

"ప్రజలకు విజ్ఞప్తి. గౌరవనీయులు శ్రీమతి మరియమ్మగారు పొరపాటున సామాన్య ప్రజలతో కలిసి తిరుగుచున్నారు. వారిని మర్యాదపూర్వకంగా దింపువరకు అందరూ సహకరించవలెను."

ఆ క్షణంలోనే చక్రం ఆపేశారు. ఆపిన సమయానికి మరియమ్మగారు శిఖరాగ్రాన ఉంది. కింద తివాచీ పరవాలి, పన్నీరు బుడ్డి నింపాలి, శాలువా తాడేపల్లిగూడెం నుంచి రావాలి. దార్లో రైలుగేటు పడింది. కాబట్టి పార్కు చరిత్రలో అంతసేపు కొల్లేరు చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

అయితే మైకు మోగగానే సూరమ్మ చెయ్యి వదిలేసింది. పెట్టెలో ఓ మూలకి ఒదిగి కూర్చుంది.

"పెద్దోరని తెలీదండీ అమ్మగారూ. ఏదేదో అనేశానండీ" అంది.

చెయ్యి ఇవ్వమ్మా, నాకు భయంగా ఉంది అని మరియమ్మగారు అడిగింది. అయ్యో బాగోదండీ అంది సూరమ్మ. దిగేదాకా ఆవిడ మరి కేక వేయలేదు. ఎదురుగా కొల్లేరు అంతా ఉన్నా, మరియమ్మగారు ఆ తరవాత ఎక్కువసేపు సూరమ్మ చేతివైపే చూసింది.

కిందికి దిగాక శాలువా కప్పారు. జగ్గారావుగారు స్వయంగా వచ్చి చేతులు జోడించారు. ఆనంద్ పాల్ తల్లిని కారెక్కించుకుని బయల్దేరాడు. ఏలూరు దీపాలు కనిపించాక, ఎక్కాలని అంత ఉంటే నాతో ఒక మాట చెప్పొచ్చు కదమ్మా అన్నాడు.

"చెప్పబట్టే కదా నాన్నా, ఇదంతా జరిగింది" అంది మరియమ్మగారు.

జరిగిన అపచారం మీద పార్కులో విచారణ జరిగింది. ఒక పెద్దావిడ మామూలు వరుసలో నిలబడిపోయేదాకా ఎవరూ గుర్తుపట్టకపోవడమే లోపమని తేల్చారు. ఇకమీదట అలాంటి పొరపాటు జరగకుండా జగ్గారావుగారు ఒక ఉత్తర్వు ఇచ్చారు. తల నెరిసి వచ్చిన ప్రతి మనిషీ, ఏ టిక్కెట్టు కొన్నా సరే, గేటు దగ్గరనుంచే వి.ఐ.పి. అవుతారు. వాళ్ళని విడిదిలో కూర్చోబెడతారు. జెయింట్ వీల్ దరిదాపులకి వెళ్ళే శ్రమ వాళ్ళకి ఉండదు. పేరు దగ్గర కొంత చర్చ జరిగి, చివరికి 'మరియమ్మగారి గౌరవ పథకం' అని ఖాయం చేశారు. చక్రం పక్కనే పాలరాతి ఫలకం మీద బంగారు అక్షరాలతో చెక్కించారు. ఆవిష్కరణకి ఆవిణ్ణే పిలిచారు. రానంటే మర్యాదగా ఉండదని ఆవిడ వెళ్ళింది.