లక్షో సభ్యుడు

ప్రభుత్వోద్యోగుల పెన్షన్ నిధిలో సభ్యుల సంఖ్య ఈ నెల మధ్యకల్లా లక్షకి చేరుకుంటుందని మంత్రిగారు ప్రకటించారు. చేరుకోవాలని ఆశిస్తున్నామనో, ప్రయత్నిస్తున్నామనో అనలేదు. చేరుకుంటుంది, అంతే. అంకెలకి కూడా క్రమశిక్షణ నేర్పగల నాయకులు అరుదు.

తీరా లెక్క చూస్తే లక్షకి ఒక్కరు తక్కువ. ఆ ఒక్కరూ ఎంత వెతికినా దొరకలేదు. ఉన్న ఉద్యోగులందరూ ఎప్పుడో సభ్యులైపోయారు. కొత్తవాళ్ళని తీసుకుందామంటే, పొదుపు పేరుతో కొత్త ఉద్యోగాలు ఆపేసింది మంత్రిగారే. ఆయన ఒక పని ఆపారంటే ఆపినట్టే.

అప్పుడు పెన్షన్ల ఆఫీసర్‌కి ఒక ఆలోచన తట్టింది. ఎవరో ఒకరి పాత సభ్యత్వాన్ని నిద్రపుచ్చి, ఆ మనిషినే కొత్తగా చేర్చుకుంటే సరి. నిద్రపోతున్న సభ్యత్వం కూడా లెక్కలో ఉంటుంది. నిద్రపోతున్నారని జనాభా లెక్కల్లోంచి ఎవర్నీ కొట్టెయ్యరు కదా.

అదృష్టం నీళ్ళ బాబాయ్‌ని వరించింది. ఆయన మంచినీళ్ళ పంపుహౌసులో ఆపరేటర్. ఆయన మోటారు వేస్తేనే పేటలో కుళాయిలు మాట్లాడతాయి కాబట్టి పిల్లా పెద్దా అందరికీ ఆయన నీళ్ళ బాబాయే, ఆయన భార్య నీళ్ళ పిన్నే. ఆయన్ని ఎంచుకున్నది సర్వీసు చూసి కాదు, మొహం చూసి. పుట్టుకతో వచ్చిన నవ్వుమొహం. పన్నునొప్పితో మెలికలు తిరుగుతున్నా పండగ చేసుకుంటున్నట్టే ఉంటాడు. మంత్రిగారి పక్కన ఫొటోకి సరిగ్గా అలాంటి మొహమే కావాలి.

ఆఫీసర్ స్వయంగా పంపుహౌసుకి వచ్చి, మోటారు హోరు మీద గొంతు పెంచి శుభవార్త చెప్పాడు.

"లక్షో సభ్యుడు మీరేనండీ."

"నేను ఉద్యోగంలో చేరిన్నాడే సభ్యుణ్ణయ్యాను కదండీ. అప్పట్నుంచీ నెలనెలా జీతంలో చందా కోస్తూనే ఉన్నారు."

"అది పాత మీరు. ఇది కొత్త మీరు."

"నెలాఖరుకి రిటైరవుతున్నానండీ. మాకు పిల్లలూ లేరు, పొలాలూ లేవు. ఆ పెన్షనే ఆధారం. దానికేం కాదు కదా?"

"మంత్రిగారి చేతుల మీదుగా చేరినవాడి పెన్షన్‌కి ఏమవుతుందండీ," అంటూ ఆఫీసర్ పెన్ను అందించాడు.

ఇంటికెళ్ళాక పిన్ని అడిగింది. "సంతకం పెట్టేశారా?"

"పెట్టాను."

"చదివే పెట్టారా?"

"మంత్రిగారు చదివే ఉంటారులే."

"ఆయన ఉపన్యాసమే పక్కన ఎవరో అందిస్తే తప్ప చదవలేడు, మీ కాగితం చదివాడా?" అని పిన్ని స్టవ్ వైపు తిరిగింది.

సభ ఘనంగా జరిగింది. మంత్రిగారు బాబాయ్ చొక్కాకి బ్యాడ్జి గుచ్చారు. కొంచెం లోతుగానే గుచ్చారు. బాబాయ్ ఎప్పట్లాగే నవ్వుతూ కనిపించాడు.

"ఈ యువకుణ్ణి చూడండి," అన్నారు మంత్రిగారు. కాగితంలో కొత్త సభ్యుడు అని ఉంది మరి. "ఉద్యోగంలో తొలి అడుగు వేస్తూనే వృద్ధాప్యం గురించి ఆలోచిస్తున్నాడు. ముందుచూపంటే ఇదీ."

చప్పట్లు మోగాయి. మోకాళ్ళు పట్టేసిన ఆ యువకుణ్ణి ఇద్దరు పట్టుకుని మెట్లు దింపారు.

తర్వాతి వారం బాబాయ్ పెన్షన్ కాగితాల కోసం ఆఫీసుకెళ్ళాడు. ఎందుకైనా మంచిదని పిన్ని కూడా వెంట వెళ్ళింది.

"మీకు పెన్షన్ రాదండీ," అన్నాడు ఆఫీసర్, చాలా మర్యాదగా. "పదేళ్ళ సర్వీసుంటేనే వస్తుంది. మీరు మొన్ననేగా చేరారు."

"పాత నేనో?"

"ఆయన నిద్రలో ఉన్నారు."

"లేపండి."

"లేపితే మీకు రెండు సభ్యత్వాలవుతాయి. ఒక మనిషికి ఒకటే ఉండాలి. కొత్తది తీసేస్తే లక్షకి ఒకటి తగ్గుతుంది. ఊరంతా హోర్డింగులు పెట్టేశాం. మంత్రిగారు అబద్ధమాడినట్టవుతుంది. ఆయన ఏనాడైనా..." ఆఫీసర్ ఎందుకో ఆ వాక్యం పూర్తి చేయలేదు.

పిన్ని చీర కొంగు బిగించింది. "పాతాయన్ని లేపకపోతే ఆ హోర్డింగు కిందే కుర్చీ వేసుకు కూర్చుంటా. పేపరువాళ్ళు వస్తారు. టీవీవాళ్ళొస్తారు. ఈయన ఎటూ ఫొటోలో బాగా పడతాడు."

విషయం ఆ పూటే మంత్రిగారి దాకా వెళ్ళింది. ఆయన ఒక కప్పు టీ పూర్తయ్యేదాకా ఆలోచించారు. అంతసేపు ఆయన ఆలోచించడం తామెన్నడూ చూడలేదని సిబ్బంది ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఇద్దర్నీ ఉంచండి," అన్నారు.

"ఒక మనిషికి రెండు ఉండకూడదు సార్."

"అయితే ఇద్దరు మనుషులనుకోండి."

సాయంత్రానికి ఆర్డర్ వచ్చింది. రూలు చెక్కుచెదరలేదు.

నెలాఖరున పొద్దున్నే పాత బాబాయ్ రిటైరయ్యాడు. దండ వేశారు, శాలువా కప్పారు, ఆయన లేని లోటు ఎన్నటికీ తీరదన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్త బాబాయ్ డ్యూటీలో చేరడంతో ఆ లోటు తీరిపోయింది.

"రావయ్యా కొత్తబ్బాయ్," అన్నాడు పక్క మోటారు ఆపరేటర్, ఎన్నో ఏళ్ళుగా ఆయనతో కలిసి టీ తాగుతున్నవాడు. "నీకు ముందున్నాయన చాలా మంచివాడు. కాస్త బద్ధకం, అంతే. ఆయన పేరు నిలబెట్టు."

"బద్ధకమేంట్రా?"

"ఆయనంటే నీకెందుకంత పట్టింపు? నువ్వు ఇవ్వాళేగా వచ్చావ్."

మరుసటి నెలలో మొదటి పెన్షన్ వచ్చింది. అంటే కాగితం వచ్చింది. అందులో చేతికొచ్చేది సున్నా అని ఉంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ మళ్ళీ ఆఫీసుకి పరిగెత్తారు.

"పాతాయన పెన్షన్ పూర్తిగా మంజూరైంది," అన్నాడు ఆఫీసర్. "అయితే కొత్తాయన చందా కట్టాలి కదండీ. కట్టకపోతే సభ్యత్వం పోతుంది, లక్ష పోతుంది. అందుకని పాతాయన పెన్షన్‌లో కోస్తున్నాం. ఉద్యోగి వాటా, ప్రభుత్వ వాటా, రెండూ కలిపితే సరిగ్గా సరిపోయింది."

"ప్రభుత్వ వాటా కూడా నేనే కట్టాలా?"

"మీరెందుకు కడతారండీ? పాతాయన కడుతున్నారు."

"మరి కొత్తాయన జీతమేదండీ?"

"జీతం పోస్టుకిస్తాం. ఆ పోస్టు పాతాయనతోనే రద్దయింది. పొదుపు. మీకు డ్యూటీ మటుకు ఉంది." ఆఫీసర్ గొంతులో ఆప్యాయత పొంగింది. "ఎంత, పదేళ్ళు. కళ్ళు మూసుకుంటే అయిపోతాయి. ఆ తర్వాత హాయిగా రెండు పెన్షన్లు. ఇంత అవకాశం మంత్రిగారికే లేదు."

బాబాయ్ నవ్వుమొహం చూసి ఆఫీసర్ కూడా సంతోషంగా నవ్వాడు.

పిన్ని మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఈలోగా ఈయనకేమైనా అయితే?"

ఆఫీసర్ నవ్వు ఆపేశాడు. ఎంతో సానుభూతితో కళ్ళజోడు సర్దుకుని, పెన్ను మూత తీశాడు.

"ఎవరికమ్మా?" అని అడిగాడు.