బొట్టు పెట్టిన మెమరీ

కోట్లమంది మొక్కులను దేవుడు ఒక్కడే ఎలా గుర్తుపెట్టుకుంటాడన్నది నాకు ఏళ్లుగా ఉన్న సందేహం. ఓబులేసుకు ఆ సందేహం లేదు. ఖతార్ వీసా వస్తే కొబ్బరికాయ కొడతానని కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాడు. వీసా రాగానే ఆ తొందరలో కాయ కొట్టకుండానే విమానం ఎక్కేశాడు. నాలుగేళ్లుగా సెలవు రాకపోవడానికి ఆ కాయే కారణమని అతని నమ్మకం.

కంపెనీ చెప్పే కారణం వేరు. దోహా పేటల్లో ఒకటైన ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని వాళ్ల ఆఫీసులో బీరువా అంత పెద్ద పాత కంప్యూటరు ఒకటి ఉండేది. సెలవుల జాబితా అదే తయారుచేయాలి. దాని మెమరీలో ఏడువందల పేర్లే పట్టేవి. డ్రైవరు ఓబులేసు నంబరు ఏడువందల పన్నెండు.

తొంభైమూడులో ఒక ఉదయం ఎనిమిది కొత్త మెమరీ బోర్డులు విమానంలో వచ్చాయి. ఓబులేసు వాటిని కార్గో నుంచి తేవాలి, ఇంజనీరు ఫసీయుద్దీన్ బిగించాలి, మధ్యాహ్నానికి జాబితా రావాలి. అంతే పని. ఓబులేసు దారిలో కారు ఆపి, స్వామిని తలచుకుని, ఒక్కో బోర్డు అంచున చిన్న కుంకుమబొట్టు పెట్టాడు. బొట్టు లేకుండా కొత్త వస్తువును పనిలో పెట్టడం వాళ్ల ఇంటా వంటా లేదు.

హైదరాబాదువాడైన ఫసీయుద్దీన్ పాత బోర్డులు ఊడదీసి, బల్లమీద కొత్తవాటి పక్కనే పెట్టించాడు. తల మిషన్ లోపల పెట్టి, చెయ్యి వెనక్కి చాచాడు.

"ఒక్కొక్కటి ఇయ్యి, హన్మాండ్లూ."

జగిత్యాల వైపునుంచి వచ్చిన హన్మాండ్లు పదేళ్లుగా అక్కడే సహాయకుడు. ఎర్రచుక్క ఉన్న బోర్డు చెడిపోయిందని అర్థం, దాన్ని మళ్లీ బిగించకూడదు. ఇది ఫసీయుద్దీన్ పెట్టిన నియమమే. చూడ్డానికి పాతవీ కొత్తవీ ఒక్కలాగే ఉన్నాయి. హన్మాండ్లు చుక్కలున్న ఎనిమిదీ చెత్త పెట్టెలో వేసి, చుక్కలు లేని ఎనిమిదీ అందించాడు.

జాబితా మళ్లీ ఏడువందల దగ్గరే ఆగింది.

మేనేజరు ఇది మోసమంటూ బోర్డులు అమ్మినవాళ్లకు ఘాటైన ఫ్యాక్సు పంపాడు. వాళ్లు అంతకంటే ఘాటుగా జవాబిచ్చారు. ఈ ఏడాది సెలవుల మాట ఎత్తవద్దని నోటీసు అంటించి, ఆ చెత్త పెట్టె పారేసి రమ్మని మేనేజరు ఓబులేసును పంపించాడు.

సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే పెట్టె మూత లేచింది. లోపల ఎనిమిది బొట్లు. చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే సెలవు ఎలాగూ పోయింది. వెనక బండ్లు హారన్ కొట్టేదాకా ఆలోచించి, కారు వెనక్కి తిప్పి, పెట్టె తెచ్చి ఫసీయుద్దీన్ ముందు పెట్టాడు.

"సార్, ఇవి చెడిపోయినవి కాదు. ఆ బొట్లు నేనే పెట్టినా."

"బొట్లా? మిషన్‌కి బొట్టు దేనికయ్యా?"

"బాగా గుర్తుండాలని సార్."

"ఎర్రసుక్క ఉన్నయి పెట్టద్దని మీరే చెప్పిన్రు గద సార్," అన్నాడు హన్మాండ్లు.

ఫసీయుద్దీన్ మళ్లీ మిషన్ మూత తీశాడు. "సరే. తుడిచి ఇయ్యండి."

"పెట్టిన బొట్టు తుడవకూడదు సార్."

"అట్లనే ఇయ్యి, నా తండ్రీ."

ఈసారి పేర్లన్నీ వచ్చాయి. ఎక్కువకాలం సెలవు లేనివాళ్లు ముందు. మొదటి పేరు ఓబులేసుదే. తన ఫ్యాక్సుకు భయపడి అమ్మినవాళ్లు దూరం నుంచే సరిచేశారని మేనేజరు నమ్మాడు.

పై నెలలో ఓబులేసు కదిరిలో బాకీపడిన కొబ్బరికాయ కొట్టాడు. స్వామికి గుర్తుందో లేదోనని, గోత్రంతోపాటు కంపెనీ నంబరు కూడా చెప్పాడు.